టీకి లేవని పెద్దక్క

మా ల్యాబులో, రక్తంలో మందు ఎంతుందో చూసే మిషన్ దగ్గర పాతికేళ్లు పనిచేసిన ఆవిడను అందరం పెద్దక్క అనేవాళ్లం. నమూనా ఎక్కించాక మూర్ఛ మందు తాలూకు గీత తెరమీద లేచేది ఏడో నిమిషంలో. ఆలోపు మేమంతా టీకి వెళ్లేవాళ్లం. పెద్దక్క మాత్రం కుర్చీకి అతుక్కుపోయి ఖాళీ తెరను గుడ్లప్పగించి చూసేది. పాలు పొంగుతాయని కాపలానా అంటూ నేనే ఎన్నోసార్లు ఎగతాళి చేశాను. ఆవిడ నవ్వేది, చూపు మాత్రం తిప్పేది కాదు.

ఒకసారి మూర్ఛ మందు వాడే ఒక టైలరమ్మ రక్తం వచ్చింది. నెల రోజులుగా ఆమెకు కళ్లు తిరుగుతున్నాయి, ఒక సూది రెండుగా కనిపిస్తోంది. కుట్టు మిషన్ మూలన పడింది. అంతకుముందు రెండుసార్లు నేనే పరీక్షించి, మందు సరిపడా ఉందని రాసిచ్చాను. దాంతో డాక్టరూ, సొంత అక్కా కూడా అంతా ఆమె భ్రమేనని తేల్చేశారు. మూడో నమూనా పెద్దక్క చేతిలో పడింది.

నాలుగో నిమిషంలోనే తెరమీద ఒక గీత లేచింది. మందు ఒంట్లో విరిగాక మిగిలే పదార్థం అది. అందరి రక్తంలోనూ కాస్త ఉంటుంది, చిన్న గుట్టలా కనబడి పోతుంది. ఈసారి మాత్రం ఏడో నిమిషంలో లేచిన మందు గీతతో పోలిస్తే సగానికి పైగా ఉంది. పెద్దక్క ఫ్రిజ్‌లోంచి అదే పదార్థపు శుద్ధమైన నమూనా తీసి ఎక్కించింది. అదీ సరిగ్గా నాలుగో నిమిషంలోనే లేచింది. నా పాత కాగితాలు తీసి చూస్తే రెండింటిలోనూ నాలుగో నిమిషంలో అంతే ఎత్తు గీత. నేను చివరి అంకె తప్ప ఏమీ చూడలేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

పెద్దక్క డాక్టరుకు ఫోన్ చేసింది. మందు సరిపోయిందని మీ ల్యాబే రాసిచ్చింది కదా అని ఆయన విసుక్కున్నాడు.

"మందు సరిపోయిందండీ. విరిగిందే బయటికి పోక పేరుకుంటోంది, కళ్లు తిరిగేది దాంతోనే. నెల కిందట కొత్తగా ఏ మాత్ర కలిపారో ఒక్కసారి చూడండి."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. నెల కిందట తను కలిపిన రెండో మాత్రే దానికి అడ్డుపడుతోందని ఆయనే ఒప్పుకుని, దాన్ని మార్చాడు.

మూడు వారాలకు టైలరమ్మ అక్కను వెంటబెట్టుకుని ల్యాబుకే వచ్చింది. సంచిలోంచి సూదీ దారం తీసి, మా అందరి ముందూ ఒక్క గురిలో దారం ఎక్కించింది. వాళ్లక్క కళ్లు తుడుచుకుంది.

"నేను చెప్పింది నిజమని తేల్చింది మీరొక్కరేనమ్మా" అని టైలరమ్మ, పెద్దక్క తెల్లకోటుకు వేలాడుతున్న గుండీని అక్కడే కుట్టడం మొదలుపెట్టింది.

మిషన్‌లో నమూనా నడుస్తోంది కాబట్టి పెద్దక్క కుర్చీలోంచి లేవలేదు, తెరమీంచి చూపూ తిప్పలేదు. పెదాల మీద మాత్రం నవ్వు ఆగడం లేదు. ఆ పూట నేనూ టీకి వెళ్లలేదు. స్టూలు లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాను.