లేడీస్ సీటు మీద తువ్వాలు

కిటికీలోంచి చేతిరుమాలు విసిరి సీటు ఆపుకోవడంలో జగ్గయ్యపేట బస్టాండులో నాకు పేరుంది. రోజంతా బళ్లో పాఠాలు చెప్పి, నందిగామ దాకా నిలబడి పోవడానికి నా మోకాళ్లు ఒప్పుకోవు. నా రుమాలు తీసినవాళ్లకి నా నోరెలాంటిదో తెలిసే ఉంటుంది.

ఒక శనివారం సాయంత్రం ఆ రుమాలు పక్కకి జరిపి కిటికీ దగ్గర కూర్చుందామె. నలభైకి దగ్గర్లో ఉంటుంది. నేను నోరు తెరిచేలోపే, "క్లాసుందండీ. ఇటైతేనే సిగ్నల్ అందుద్ది. ఏమనుకోకండి" అంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటూ.

"ఈ వయసులో క్లాసేంటమ్మా?"

ఉద్యోగం చేసేవాళ్ల కోసం పెట్టిన ఎంబీఏ అట. శని, ఆదివారాల్లో ఫోన్లోనే పాఠాలు. ఆదివారం చర్చి మానేస్తున్నానని వాళ్లమ్మ అలిగిందట. ఆమెది సిమెంటు ఫ్యాక్టరీలో సరుకు పంపే సెక్షన్. తను పని నేర్పిన కుర్రాళ్లు మేనేజర్లయ్యారు, తనకి మాత్రం పెద్ద డిగ్రీ లేదన్నారట. వినగానే నాకు ఒళ్లు మండింది. ఆ తరవాత శనివారాల్లో కిటికీ పక్క సీటు నేనే వదిలేశాను.

ఆఖరికి ఒక శనివారం ఫోన్లోనే వైవా పరీక్ష వచ్చింది. ముందుగా ఇంటికి పోతానంటే ఆఫీసులో కుదరదన్నారు. బస్సులోనే చెప్పాలి, తప్పితే ఏడాది ఆగాలి. పైగా ఆమె ప్రాజెక్టు వాళ్ల ఫ్యాక్టరీ గేటు ముందు లారీలు గంటల తరబడి ఎందుకు ఆగిపోతున్నాయన్నదే. ఆ లారీల యార్డు చూసే పెద్దాయన సరిగ్గా మా వెనక సీట్లో కూర్చున్నాడు. ఆయన్ని చూసి ఆమె ముఖం పాలిపోయింది.

"ఈయన ఆఫీసులో చెప్పాడంటే నా పని అయిపోయినట్టేనండీ" అని నా చెవిలో అంది. "ఇంగ్లీషులో చెప్పేస్తా, ఆయనకి అర్థం కాదులే."

ధైర్యానికి ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టింది. చిల్లకల్లు దాటాక వైవా మొదలైంది. బస్సులో గోల. ఆవిడ గొణుగుడు ప్రొఫెసర్‌కి వినపడలేదు. ఊరుకుంటానా? లేచి, "కాసేపు మాటలాపండయ్యా, ఇక్కడ పరీక్ష జరుగుతోంది" అన్నాను. బస్సంతా నిశ్శబ్దం. నేను సాయం చేశాననుకున్నాను. అప్పుడే ఆ ప్రొఫెసర్ మహానుభావుడు జాలిపడి, "ఇబ్బందిగా ఉంటే తెలుగులోనే చెప్పండమ్మా, గట్టిగా" అన్నాడు. ఇద్దరం కలిసి ఆమె కొంప ముంచాం.

ఆమె నా వైపు చూసింది.

"నిండా మునిగాక చలేంటమ్మా, చెప్పెయ్" అన్నాను.

చెప్పింది. ఎండలో తిండి లేకుండా కూర్చునే డ్రైవర్ల గురించి చెప్పింది. తప్పెవరిదని ప్రొఫెసర్ అడిగితే, "అందరూ యార్డు వాళ్లనే తిడతారండి. వాళ్లదేం లేదు. కాగితాలు మా సెక్షన్ నించే ఆలస్యంగా పోతున్నాయి. తప్పు మాదే" అంది. వెనక్కి తిరిగి చూడటానికి మాకిద్దరికీ ధైర్యం చాల్లేదు. నందిగామలో దిగేటప్పుడు, "సోమవారం ఉద్యోగం ఉంటదో ఊడుద్దో" అంది. ఆదివారమంతా నాకు అదే దిగులు.

సోమవారం సాయంత్రం బస్సు రాగానే కిటికీ దగ్గరికి పరిగెత్తాను. మా సీటు మీద అప్పటికే ఒక మగ తువ్వాలు ఉంది. లేడీస్ సీటు మీద!

"ఎవరిదయ్యా ఈ తువ్వాలు? రాసింది కనపడట్లా?" అని అందుకోబోయాను.

"నాదేనమ్మా" అన్నాడు వెనక సీట్లోంచి ఆ పెద్దాయన. "మేడమ్ గారి కోసం వేశా. ఇన్నేళ్లూ ఆ లారీల వాళ్ల తిట్లన్నీ నేనే తిన్నా. మీ తప్పు కాదని నిన్నమొన్నటి దాకా ఒక్కళ్లూ అనలా."

నేను ఆ తువ్వాలు ముట్టుకోలేదు. దాని పక్కన నా రుమాలు వేసి, ఆమె కోసం గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాను.