పన్నెండు రెట్లా, ఎనిమిది రెట్లా

2004 డిసెంబరు, మంగళవారం, రియాద్. ఉన్నవాళ్లు: మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, ఆయన హైదరాబాదీ డ్రైవరు, నేను.

ఆఫ్రికా వేటకు బైనాక్యులర్స్ కొనాలని కఫీల్ నన్ను వెంటబెట్టుకెళ్లాడు. ఆయన కంపెనీలో సర్వే పరికరాలు చూసుకునేది నేనే. నా భార్య కంటి ఆపరేషనుకు రెండు నెలల సెలవు అడిగి ఉన్నాను. దేశం దాటి వెళ్లి తిరిగి రావడానికి కావలసిన ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం మీద ఆయన సంతకం ఇంకా పడలేదు.

దుకాణంలో దీపాల వెలుగుకు, పన్నెండు రెట్లు దగ్గరగా చూపించేది ఆయనకు తెగ నచ్చింది. నాకు మాత్రం ఎనిమిది రెట్లదే నయమనిపించింది.

"చాచా, నువ్వు నోరు తెరవకు. ఆయనకేది నచ్చితే గదే మంచిది. ముందు సంతకం కానియ్యి," అని డ్రైవరు నా చెవిలో అన్నాడు.

ఇంతలో పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజుకు అజాన్ వినిపించి దుకాణం మూసేశారు. నమాజుకు వెళుతూ కఫీల్ దుకాణదారుకు చెప్పి ఆ రెండింటినీ నా చేతికిచ్చాడు. బయట మసక వెలుతురులో ఎదురు మేడ మీది నీళ్ల ట్యాంకును చూశాను. పన్నెండు రెట్లదానిలో అది నల్లగా వణుకుతోంది. ఎనిమిది రెట్లదానిలో నిచ్చెన మెట్లు కూడా తెలుస్తున్నాయి. జంతువులు బయటికొచ్చేది ఆ వేళకే.

కఫీల్ తిరిగి రాగానే ఆ రెండూ ఆయనకిచ్చి, "మీరే చూడండి," అన్నాను. ఆయన మొహం చిట్లించి చాలాసేపు చూశాడు. ఎనిమిది రెట్లదే కొన్నాడు.

మర్నాడు పొద్దున సంతకం చేశాడు, కానీ ఒక్క నెలకే.

"నెల కాగానే వచ్చెయ్యి. వేటకు నువ్వూ రావాలి," అన్నాడు.

"చెప్తే ఇన్నవా చాచా? ఇగ పోయి సింహాలకు సలాం కొట్టు," అన్నాడు డ్రైవరు.

నేను ఇంటికి ఫోను చేసి, నేను వచ్చిన వారంలోనే ఆపరేషను పెట్టించమన్నాను.