ఎనిమిదో పేరు

దయ్యాలూ ఆత్మలూ నాకు పట్టవు. కంప్యూటర్లు బాగుచేసి బతికేవాడిని. తెర మీద వింత కనిపిస్తే వైరో డిస్కో చూస్తాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, ఎందుకంటే మొదటి తప్పు నాదే.

మా మేనత్త పొందూరులో నూలు వడికేది. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేయడంలో ఆవిడకు మంచి పేరు. ఒక మధ్యాహ్నం ఆ పనంతా ఇరవై నిమిషాలు వీడియో తీశాను. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

దాన్ని ఏడు చోట్ల భద్రపరిచానని బంధువులందరికీ గొప్పగా చెప్పుకున్నాను. నిజానికి డిస్కులో చోటు లేదు. కొత్తది కొనడానికి బద్ధకించి, చిన్న ప్రోగ్రాం రాసి, సిస్టమ్‌నే నేరుగా అడిగే సిస్టమ్ కాల్‌తో హార్డ్ లింకులు పెట్టాను. అంటే ఫైలు ఒక్కటే, పేర్లు మాత్రం ఏడు. ఒక పేరు చెరిపేస్తే ఫైలు పోదు. కానీ ఒక పేరుతో తెరిచి లోపల మారిస్తే ఏడింటిలోనూ మారిపోతుంది. ఇది తెలిసే చేశాను.

అత్త పోయింది. పెద్దకర్మ రోజు చూపించడానికి ఆవిడ నవ్వే నలభై సెకన్లు కత్తిరించి, తొందరలో అదే ఫైలు మీద సేవ్ చేశాను. ఏడు పేర్ల వెనకా నలభై సెకన్లే మిగిలాయి. ఎన్ని సాఫ్ట్‌వేర్లు వాడినా పోయింది తిరిగి రాలేదు.

అత్త కూతురు నాగమణి మొత్తం వీడియో అడిగింది. ఎముకతో దువ్వే పని ఎప్పుడూ తల్లే చేసిపెట్టేది. ఇప్పుడు తను చేస్తుంటే పత్తి చెడిపోతోందట. అది రాకపోతే వడకడం మానుకోవాల్సిందే. రేపిస్తాను, ఎల్లుండిస్తాను అని నెల రోజులు తప్పించుకున్నాను.

ఆ రోజుల్లోనే, ఈ ఫైలుకి పేర్లెన్ని అని సిస్టమ్‌ని అడిగితే ఎనిమిది అని చూపించింది. డిస్కంతా వెతికిస్తే ఏడే దొరికాయి. డిస్కును తనిఖీ చేశాను, ఏ లోపమూ లేదు. మళ్లీ అడిగితే మళ్లీ ఎనిమిదే. ఎనిమిదోది దొరికినా అందులోనూ నలభై సెకన్లే ఉంటాయని తెలుసు. అయినా వదల్లేదు. అన్నం వేళకి లేవకుండా, భార్య మీద విసుక్కుంటూ వారం పాడుచేసుకున్నాను. ఆ వారంలో ఒక్క పూట చాలు, పొందూరు వెళ్లి నిజం చెప్పి రావడానికి.

చివరికి వెళ్లాను. నాగమణి అరుగు మీద కూర్చుని పత్తి దువ్వుతోంది. ఎముక పట్టిన తీరు అచ్చం అత్తదే.

"మొన్న నువ్వు లేనప్పుడు మీ ఇంటికొచ్చి అమ్మ వీడియో సూసినాను బావా. అక్క ఎట్టింది" అంది. అక్క అంటే నా భార్య.

వీడియో పాడైపోయిందని, పాడుచేసింది నేనేనని ఒప్పుకున్నాను. ఆమె చెయ్యి ఆపలేదు. "ఇన్నాళ్లూ ఉన్నాదని తిప్పినావు. సూసేసినాక లేదంటన్నావు. నీ మాటలో ఏటి నమ్మమంటావు?"

ఇంటికొచ్చి నా భార్యని అడిగాను. ఏదో ఒక ఫోల్డర్లో నొక్కి వంటింట్లోకి వెళ్లిపోయిందట. అన్నం ఉడికి గంజి వార్చేదాకా అత్త గొంతు వినిపిస్తూనే ఉందట. కంప్యూటర్ తెరిచాను. ఈసారి సిస్టమ్ కూడా పేర్లు ఏడే అంది. ఏది తెరిచినా నలభై సెకన్లే.

ఆ కాస్త ముక్కే మళ్లీ మళ్లీ ఆడి ఉంటుందనుకున్నాను. దువ్వే తీరు కూతురికి తల్లి ఎప్పుడో చూపించి ఉంటుందనుకున్నాను. ఉండబట్టలేక నాగమణికి ఫోన్ చేసి, చివర్న ఏముందని అడిగాను.

"నిన్నే తిట్టింది. ఒరే, నేర్సుకోరా అంటే పెట్టెలో దాసుకుంటన్నావు, రేపు పెట్టె పోతే ఏటి సేస్తావు, అంది. నువ్వు నవ్వినావు. అక్కడికి ఆగిపోనాది."

నిజమే. అత్త ఆ మాట అన్నప్పుడు నేను నవ్వి కెమెరా కట్టేశాను. మిగిలిన నలభై సెకన్లలో అది లేదు. ఆ నవ్వు నాగమణి ఎక్కడ విందో ఇవాళ్టికీ నాకు తెలియదు.