సూర్యలంకలో తీసిన యుద్ధం

జాన్ సైదాకి ఆ వారమంతా ఒళ్లు మండుతూనే ఉంది. మండదా మరి? రేపల్లె బస్టాండు దగ్గర పాతికేళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నవాడు, తను తీసిన ఫోటోని తను గుర్తుపట్టలేడా?

అసలే కోపిష్టి అని పేరు. కెమెరా ముందు నవ్వకపోతే తిడతాడు, ఎక్కువ నవ్వితే ఇంకా తిడతాడు. పిల్లని కాస్త తెల్లగా చెయ్యమంటే, "పెళ్లివాళ్లు పిల్లని చేసుకుంటారా, ఫోటోని చేసుకుంటారా?" అని మొహం మీదే అడుగుతాడు. గొణుక్కుంటూనే చివరికి చేసిస్తాడనుకోండి, అది వేరే సంగతి.

సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయని టీవీలు హోరెత్తించిన మర్నాడే ఆ ఫోటో అందరి ఫోన్లలోకీ వచ్చి పడింది. పొగలోంచి తుపాకులతో దూసుకొస్తున్న జవాన్లు. కింద పెద్దక్షరాలతో 'శత్రుదేశంలోకి చొచ్చుకుపోతున్న మన సైన్యం' అని రాసి ఉంది. శత్రుదేశమేంటి, వీళ్ల మొహం, అది సూర్యలంక. కిందటేడు తెనాలి నాటక సమాజం వాళ్లు పోస్టరు కావాలంటే, బాపట్ల దాటి సముద్రం ఒడ్డుకి వెళ్లి సైదా తీసిన ఫోటో. తుపాకులు చెక్కవి. పొగ తడిగడ్డిది, దాన్ని రాజేసి రాజేసి ఇంటికొచ్చాక కూడా దగ్గుతూనే ఉన్నాడు. అందరికంటే ముందు పరిగెత్తే కమాండరు వరప్రసాదం తెనాలిలో టైలరు. పొట్ట బిగబట్టి పరిగెత్తమంటే నాలుగడుగులకే ఇసుకలో కూలబడ్డాడు. సైన్యం ముందుకు రావాలిగానీ కూర్చోకూడదయ్యా అని సైదా గొంతు పోయేలా అరవాల్సి వచ్చింది.

ఈ సంగతి ఎవరికి చెప్పినా గోడకి చెప్పుకున్నట్టే అయింది. టీకొట్టు దగ్గర చెప్పాడు, మసీదు దగ్గర చెప్పాడు. పాస్‌పోర్టు ఫోటోలకి వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, కంప్యూటర్లో ఆ రోజు తీసిన మిగతా ఫోటోలు కూడా చూపించాడు. అన్నీ చూసి, "అయితే ఏంటండి, మనవాళ్లు నిజంగానే వెళ్తున్నారు కదండి" అన్నారు. పోనీ వరప్రసాదమైనా నోరు విప్పుతాడని ఫోన్ చేస్తే ఆయన ముసిముసిగా నవ్వాడు. "ఉండనీ సైదా. నేనని తెలీకుండానే మా వియ్యంకుడు స్టేటస్ పెట్టుకున్నాడు." ఇలాంటివాడితో ఏం వేగుతాం?

ఇది చాలదన్నట్టు ఎరువుల కొట్టు నాగమల్లేశ్వరరావు వచ్చాడు. ఆ ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ కొట్టాలట, చుట్టూ వాళ్ల కుర్రాళ్ల మొహాలు పెట్టాలట.

"అది ఉత్తిదండి. నేను వెయ్యను" అన్నాడు సైదా.

"మా నాన్న పోయిన ఆర్నెల్లకి మా అమ్మాయి పెళ్లిఫోటోలో ఆయన్ని నిలబెట్టావు. అప్పుడు లేని నీతి ఇప్పుడేంటి?"

"ఆయన పోయారని మీ ఇంట్లో అందరికీ తెలుసు కదండి. దీని సంగతి జనానికి తెలీదు."

నాగమల్లేశ్వరరావు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నీ మంచికే చెబుతున్నా సైదా. ఈ టైంలో ఆ మాట ఎవరన్నా అనొచ్చు, నువ్వు అనకూడదు."

ఆ మాట సైదాకి సూదిలా దిగింది. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఊళ్లో సగం పెళ్లిళ్లు తన చేతుల మీదుగానే ఫోటోలెక్కాయి. బాధ కంటే కోపమే ఎక్కువైంది. ఇది అబద్ధమని ఒక్కరి చేతైనా అనిపించకపోతే ఇన్నేళ్లు కెమెరా పట్టుకున్నది దేనికని పంతం పట్టాడు. మీకెందుకీ గోల అన్నందుకు భార్య గౌసియా మీద కూడా విసుక్కున్నాడు.

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తుతుండగా లిడియా వచ్చింది. చర్చి వీధిలో టిఫిన్ బండి నడుపుతుంది. కొడుకు అనుదీప్ ఆర్మీలో, ఇప్పుడు సరిహద్దులోనే ఉన్నాడు. కాల్పులు మొదలైన దగ్గర్నుంచి వాడి ఫోన్ లేదు. ఆమె తన ఫోన్లో అదే ఫోటో తీసి, వెనక వరసలో పొగ చాటున సగమే కనిపిస్తున్న కుర్రాడి మీద వేలు పెట్టింది.

"ఈ మొహం పెద్దది చేసి ఇయ్యి తమ్ముడూ. గోడకి పెట్టుకుంటా."

ఆ కుర్రాడు హేమంత్. కర్లపాలెంలో మైకుసెట్లు కట్టే పిల్లాడు. వారం నుంచి ఊరంతా తిరిగి చెప్పిన మాటే సైదా నోటిదాకా వచ్చింది.

"అక్కా, ఇది..."

"తెలుసయ్యా. బజారంతా చెబుతుంటే నా చెవిన పడదా? అందరికీ చెప్పుకో, నేనొద్దన్లేదు. మావాడు ఫోన్ చేసిందాకా నాకు మాత్రం చెప్పమాక."

ఇంత కోపం ఇప్పుడు ఎవరి మీద చూపించాలో సైదాకి తెలియలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఆ మొహాన్ని పెద్దది చేశాడు. పొగ కొంచెం తగ్గించాడు. లిడియా కుర్చీ వెనక నిలబడి చాలాసేపు చూసింది.

"మావాడికి గడ్డం మీద పుట్టుమచ్చ ఉంటది" అంది. "ఇందులో పడినట్టు లేదు."

సైదా వెనక్కి తిరిగి చూడలేదు. మౌస్ మీద చెయ్యి వేసి అడిగాడు.

"ఏ వైపక్కా?"