ఎక్సెల్ షీటులో ఎడారి

ఇప్పుడంటే ఎవరైనా "మార్చిలో ఫీనిక్స్ వస్తున్నాం, ఏం చూడాలి?" అని అడిగితే "ముందు టోపీ కొనుక్కోండి" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటున్నాను గానీ, ఈ ఊరికి ఎమ్మెస్ చదవడానికి వచ్చిన ఆ మొదటి రెండేళ్లలో నా తీరే వేరు. అప్పట్లో నాకు ప్రతి పనికీ ఒక ఎక్సెల్ షీటు ఉండేది. గిన్నెలు ఎవరు కడగాలో ఒకటి, ఏ ప్రొఫెసర్‌కి ఏ రోజు మెయిల్ పెడితే జవాబొస్తుందో ఇంకొకటి. (జవాబు ఏ రోజూ వచ్చేది కాదు, షీటు మాత్రం ముచ్చటగా ఉండేది.) అలాంటి నాకు ఎక్కడో ఉత్తరాన చలి ఊరు షామ్‌బర్గ్ నుంచి మా పిన్ని ఫోన్ చేసి, "చిన్నదానికి స్ప్రింగ్ బ్రేక్ సెలవులొస్తున్నాయే. మంచుతో విసిగిపోయి నీ దగ్గరికి వస్తానంటోంది. నీకు ఆ కొండలూ అవీ బాగా తెలుసా?" అని అడిగితే తెలియదని ఎలా అంటాను? "అయ్యో పిన్నీ, నేను ప్రతి వీకెండ్ హైకింగే కదా!" అన్నాను. అప్పటికి నేను కాళ్లతో ఎక్కిన ఎత్తయిన చోటు మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు. అదీ లిఫ్ట్ పాడైన వారంలో.

చిన్నది అంటే పిన్ని కూతురు. ఇక్కడే పుట్టింది, పద్దెనిమిదేళ్లది, కాలేజీలో మొదటి ఏడు. దాని ముందు తేలిపోకూడదని పట్టుబట్టి, ఐదు రోజులకి ఐదు రంగుల్లో షీటు తయారుచేశాను. మొదటిరోజు ఊరి పక్కనున్న కొండ, రెండోరోజు సెడోనా ఎర్రరాళ్లు, మూడోరోజు టూసాన్ వైపు కాక్టస్ అడవి, తర్వాత సరస్సు, చివరిరోజు పూలు. ప్రతిదానికీ నిమిషాలతో సహా లెక్క. మా రూమ్మేట్, ఇంట్లో కారున్న ఏకైక మనిషి, వరంగల్ అక్క, ఆ షీటు ఆసాంతం చదివింది. "గిదేంది? 'ఆశ్చర్యపోవుట, అయిదు నిమిషాలు' అని రాసినవ్? ఆశ్చర్యపోవుడుకు గూడ టైమ్ పెట్టి, బాత్రూమ్‌కు పెట్టలే?" అంది. నేను వినిపించుకోలేదు.

చిన్నది దిగిన మర్నాడు, షీటు ప్రకారం పొద్దున్న ఆరింటికి కొండ మొదట్లో ఉండాలి. పులిహోరకి పోపు పెట్టి, డబ్బాల్లో సర్ది, చిన్నదాన్ని నిద్రలేపి చేరేసరికి తొమ్మిదిన్నర. పార్కింగ్‌లో కాలు పెట్టే చోటు లేదు. కారు ఎక్కడో వీధిలో ఆపి మైలు దూరం నడిస్తే అప్పుడు హైకింగ్ మొదలైంది. మార్చి కదా, ఎండేముంటుంది అని మనిషికో అరలీటరు నీళ్ల సీసా తెచ్చాను. దారిలో చిన్నది, "అక్కా, దిస్ వన్ ఏంటి? దీనికి చేతులు ఎందుకున్నాయ్?" అని నిలువెత్తు కాక్టస్‌ని చూపించింది. "చేతులున్నవి మగవి" అన్నాను తొణక్కుండా. "ఓ, వావ్" అంది అది. వరంగల్ అక్క నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

షీటు కంటే బాగా వెనకబడ్డామన్న దిగులుతో, ఎండిపోయిన వాగులోంచి అడ్డదారి పట్టించాను. అరగంట నడిచాక వాగు కూడా మాయమైంది. అన్నివైపులా ఒకేలా ఉన్న రాళ్లు, ఒకేలా ఉన్న ముళ్లు. ఫోన్లకి సిగ్నల్ లేదు. సీసాలు ఖాళీ. చిన్నదాని మొహం ఎర్రగా కందిపోయి, మాటలు ఆగిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకు. పిన్ని నా మాట మీద పంపిన పిల్ల. "ఇగ నిజం చెప్పు. నువ్వు ఎప్పుడన్న ఇక్కడికి వచ్చినవా?" అంది వరంగల్ అక్క. "వచ్చాను... మ్యాప్‌లో" అన్నాను.

చిన్నది తూలుతున్నట్టనిపించి, కొండరాయి నీడ చూపించి, "అక్కడ కూర్చో. చూసుకుని కూర్చో, ముళ్లుంటాయి" అని జాగ్రత్తలు చెబుతూ, దాని పక్కనే నేను చూసుకోకుండా కూర్చున్నాను. చోయా అనే ముళ్లమొక్క ఒకటుంది, ముట్టుకుంటే చాలు బంతిలాంటి ముక్క ఊడొచ్చి మనిషిని కరిచిపట్టుకుంటుంది. నేను సరిగ్గా దాని మీదే ఆసీనురాలినయ్యాను. ఆ క్షణంలో నేను పెట్టిన కేక నాకే పరాయిదిలా వినిపించింది.

ఆ కేకే మమ్మల్ని కాపాడింది. పొదల వెనకనుంచి తెల్లజుట్టు మామ్మగారొకావిడ చేతికర్రతో వచ్చింది. "డోంట్ టచ్ ఇట్, హనీ!" అంటూ సంచీలోంచి దువ్వెన తీసి, ముళ్లబంతి కింద దూర్చి ఒక్క విసురు విసిరింది. బంతి ఎగిరిపోయింది, నా పరువుతో పాటు. చిన్నదానికి గుక్కగుక్కగా నీళ్లు తాగించి, తడిగుడ్డ మెడకి చుట్టింది. అసలు దారి మాకు యాభై అడుగుల దూరంలోనే ఉందట. "మీలో లీడర్ ఎవరు?" అని అడిగితే నేను ఆకాశంలోకి చూశాను. మిగతా ఇద్దరూ నన్ను చూపించారు.

తిరుగు ప్రయాణంలో వెనకసీటులో బోర్లా పడుకున్నాను. సిగ్నల్ రాగానే పిన్ని వీడియోకాల్. "ఇట్ వాజ్ అమేజింగ్ మామ్! అక్క చాలా బాగా చూపించింది" అని చిన్నది నన్ను వెనకేసుకొచ్చింది. అది అలా అనేసరికి ఉండబట్టలేక ఫోన్ లాక్కుని, "పిన్నీ, అంతా అబద్ధం. నేను ఎప్పుడూ హైకింగ్ చెయ్యలేదు. దాన్ని తీసుకెళ్లి దారి తప్పించాను" అన్నాను. తర్వాత వినపడినవి ఇక్కడ రాయలేను. అన్నీ అయ్యాక, "నీళ్లు తాగారా? మజ్జిగ కలుపుకోండి ముందు" అని పెట్టేసింది.

రెండు రోజులు ఇంట్లోనే పడుకున్నాం. చివరికి మామ్మగారు చెప్పిన ఒక్క చోటికి, ఆవిడ చెప్పిన వేళకి, డబ్బాలకొద్దీ నీళ్లతో వెళ్లాం. కొండవాలు నిండా పసుపురంగు పూలమొగ్గలు ముడుచుకుని ఉన్నాయి. ఎండ తాకే కొద్దీ ఒక్కొక్కటే విచ్చుకోవడం మొదలుపెట్టాయి. ముగ్గురం వాటినే చూస్తూ కూర్చున్నాం.

"అక్కా," అంది చిన్నది ఉన్నట్టుండి. "కాలేజ్‌లో నాకు ఎవరూ లేరు. లంచ్ కూడా ఒక్కదాన్నే. నువ్వు ఫ్రెండ్స్‌తో ఎవ్రీ వీకెండ్ హైక్ చేస్తావ్ అని మామ్ చెప్పినప్పుడు, అందరికీ అన్నీ వచ్చు, నాకే ఏం రాదు అనుకున్నా. నీకు కూడా రాదు అని తెలిసి ఐ వాజ్ సో హ్యాపీ."

వరంగల్ అక్క మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. (ఎండ అంది. నేను నమ్మినట్టే ఊరుకున్నాను.)

ఇప్పుడు నాకు ఈ చుట్టుపక్కల దారులన్నీ తెలుసు. ఎక్కడ నీడ ఉంటుందో, ఎక్కడ పాములుంటాయో, ఏ వారం పూలొస్తాయో, అన్నీ. తెలిసిన దారిలోనే వెళ్తాను, తెలిసిన వేళకే తిరిగొస్తాను. ఏమీ తెలియకుండానే ఇద్దరిని వెంటేసుకుని ఎడారిలోకి నడిచిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పిల్ల ధైర్యంలో సగం నాకిప్పుడు ఉంటే బాగుండునని కూడా అనిపిస్తుంది.