మగ్గం గుంతలోంచి అత్తగారి గొంతు

అత్తగారు పోయి నెల తిరగకముందే, ఒక సాయంత్రం ఆవిడ గొంతు మగ్గం గుంతలోంచి నన్ను పిలిచింది. "ఏమ్మే, పప్పులో రాళ్లు ఏరినావా, అట్నే పోసేసినావా?"

ఆ రోజుల్లో మా అత్తిమంజేరిపేటలో దీపాలు పెట్టే వేళకు కరెంటు పోవడం మామూలే. మా ఆయన నేసిన చీరలు ఇచ్చి రావడానికి తిరుత్తణి వెళ్లారు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను, ఏడేళ్ల మావాడు నా పక్కన. అవతల చీకటి గదిలో, నేసేవాళ్లు కాళ్లు దించుకుని కూర్చునే ఆ గుంతలో, మగ్గం తొక్కుడు పలకలు టక్కు టక్కుమంటున్నాయి. బి.ఏ. చదివిన నేను ఏం చేశానంటారా? బదులు చెప్పాను. "ఏరినాను అత్తా!" (అబద్ధం.) "ఏరింటే ఆ గరగర ఏంది? చాటలో ఎగరేసి చూడు" అంది గొంతు. చాట అందుకున్నాను. బతికున్నప్పుడూ అంతే, మగ్గం మీద కూర్చునే మా వంటిల్లు నడిపేవారావిడ.

మావాడు నా కొంగు పట్టుకుని గుసగుసగా అన్నాడు. "అవ్వ వచ్చేసిందిమా... పాప యాడమా?"

అప్పుడు చూసుకున్నాను, పాప నా దగ్గర లేదు. వాడి చెల్లెలు, మూడున్నరేళ్లది. "అమ్మ" తప్ప మరో మాట రాలేదు. రోజూ గోడమీది అక్షరాల పటం ముందు నిలబెట్టి "అ అను తల్లీ" అని బతిమాలేదాన్ని. పెదాలు బిగించుకుని నన్నే చూసేది. డాక్టరు ఇంకొన్నాళ్లు చూద్దామన్నాడు. అత్తగారు మాత్రం నేస్తూ, పాపచేత నూలు చుట్టిన కండెలు అందించుకుంటూ పొద్దంతా దాంతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేవారు.

బుడ్డి దీపం పట్టుకుని పరుగెత్తాను. గుంతలో పాప, అవ్వ కూర్చునే చోట, కాళ్లతో పలకలు తంతూ, చేతిలో కండెతో, "నూలు తెగితే ఏడస్తారా? సీక్రం ముడెయ్యి" అంటోంది. ఆ సాగదీత, ఆ విసుగు, అచ్చం ఆవిడే! వెలుగు పడగానే పాప నోరు మూసుకుంది.

ఈ నోరు ఇక తెరుచుకోదేమో! చీకటంటే వణికే నేను ఆ దీపం ఊదేశాను. (తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, నవ్వూ వస్తుంది.) "ఇంకా తిట్టు అత్తా" అన్నాను. ఆ చీకట్లోనే గుంత అంచున కూర్చున్నాను. తర్వాత నల్లటి గుంతలోంచి మెల్లగా, "ఏమ్మే, దీపం ఎందుకు ఆర్పినావు?"

మర్నాడు పొద్దున పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. "ఇంక మీదట ఇంట్లో పనులన్నీ నేను తప్పుగానే చేస్తా. తిట్టి చెప్పేది మీ ఇద్దరి పని. ముందు పాప తిట్టాల."