సబ్బుపెట్టెల మాస్టారు

మా ఎదురు ఫ్లాట్ మాస్టారు పోయారు. పొద్దున కాఫీ తాగి కుర్చీలో వెనక్కి వాలారట, అంతే. ఆ మాట చెప్పడానికి వాళ్ళావిడ మా తలుపు తట్టినప్పుడు నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. ఇక మా బిల్డింగు సంగతి చూసేదెవరు?

ఆయన పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యారు. భవానీపురంలో మా అపార్టుమెంటు కట్టిన కొన్నాళ్ళకే కింద బళ్ళు పెట్టుకునే చోట స్తంభాలు బీటలిచ్చాయి. బిల్డరు పైపైన సిమెంటు పూయించి చేతులు దులుపుకున్నాడు. మాస్టారు ఊరుకోలేదు. గవర్నర్‌పేట షాపులన్నీ తిరిగి, చవగ్గా దొరికిన విడిభాగాలు తెచ్చి, ప్లాస్టిక్ సబ్బుపెట్టెల్లో బిగించి కింద స్తంభానికొకటి, పై అంతస్తుల్లోనూ ఒక్కొక్కటి అతికించారు. స్తంభం కాస్త ఒరిగినా, బీట విచ్చుకున్నా ఆ పెట్టె తీగ లేకుండానే పై అంతస్తు పెట్టెకి కబురు పంపుతుంది, అది ఆ పైదానికి. చివరికి మాస్టారి ముందుగదిలో కంప్యూటరు మీద గీత కదులుతుంది. రోజూ టిఫినుకు ముందు అది చూసి, మా గుమ్మం దాకా వచ్చి "ఇవాళ్టికి ఫర్వాలేదమ్మా" అనేవారు. ఆ 'ఇవాళ్టికి' వింటే నాకు ఒళ్ళు మండేది.

దసరాకి ఇంట్లో మిషన్లకీ స్కూటర్లకీ పెట్టినట్టే ఆ పెట్టెలకీ పసుపూ కుంకుమా పెట్టడం మాకు అలవాటైంది. ఒక ఏడాది మొదటి అంతస్తావిడ పెట్టెని శుభ్రంగా కడిగి మరీ బొట్టు పెట్టింది. నీళ్ళు లోపలికి పోయి మాస్టారింట్లో అలారం మోగింది. పట్టుచీరలతో అందరం రోడ్డు మీద పడ్డాం. మరుసటి ఏడు పొడి కుంకుమ భరిణె పట్టుకుని మాస్టారే మా వెంట తిరిగారు.

తర్వాత కంప్యూటరు మీద ఆ గీత మెల్లగా ఒకవైపే పోవడం మొదలుపెట్టింది, అంటే బిల్డింగు ఒరుగుతోందన్నమాట. స్తంభాలు గట్టి చేయించాలని మాస్టారు మీటింగులో చెప్పారు. బిల్డింగు రాయిలా ఉందని అసోసియేషన్ ప్రెసిడెంటుగారు కొట్టిపారేశారు. సంగతి బయటికి పొక్కితే ఫ్లాట్లు ఎవరూ కొనరు, ముందా పెట్టెలు పీకెయ్యమని ఆయన గోల. మాలో ఎవరికీ ఇంకో నీడ లేదు. ఉందామంటే భయం, పోదామంటే కొనేవాడు కావాలి.

మాస్టారి ఆవిడకి మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కలేకపోతుంటే, అమ్మేసి కంకిపాడులో చెల్లెలి దగ్గరికి పోదామనుకున్నారు. కొనేవాళ్ళు వచ్చారు, ఇల్లు నచ్చింది. మాస్టారు వాళ్ళని కిందికి తీసుకెళ్ళి ప్రతి పెట్టెనీ చూపించి, అదేం చెబుతోందో వివరించారు. వాళ్ళు మళ్ళీ రాలేదు. ఎందుకు చెప్పారండీ అని ఆయన మీద విరుచుకుపడ్డాను.

"తెలిశాక ఇంకొకళ్ళకి ఎలా అంటగడతామమ్మా? ఇక ఉండటమే," అన్నారు.

తను చేసిన పెట్టెలే ఆయన్ని ఇంట్లో పెట్టి తాళం వేశాయి. ఆయన మీద వచ్చినంత కోపం నాకు ఇంకెవరి మీదా రాలేదు. నేను అంతగా నమ్మిన మనిషీ ఇంకొకరు లేరు.

మాస్టారు పోయిన రోజు ఆయన పాత విద్యార్థులు ఆటోల మీద ఆటోలు దిగారు. అందరూ పైకి రాబోతుంటే ప్రెసిడెంటుగారు మెట్ల మొదట్లో చేతులు జోడించి అడ్డంగా నిలబడ్డారు.

"అందరూ ఒక్కసారే ఎక్కకండి బాబూ. నలుగురు దిగాక నలుగురు వెళ్ళండి," అన్నారు, మాకు వినపడకూడదన్నట్టు.

వాళ్ళు తలలూపి వెనక్కి తగ్గారు. దండలు పట్టుకుని, గేటు బయట ఎండలో, రోడ్డు పొడుగునా వరసలో నిలబడ్డారు.